గొర్రె చెవి ఎవరు కోయవచ్చు?

నా పదవీ విరమణ సభలో ఏడుగురు మాట్లాడారు. నేను వేళకు ఆసుపత్రికి వచ్చేవాణ్నని ఒకరు, నా చేతిరాత బాగుంటుందని ఒకరు, ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదని ఒకరు చెప్పారు. ఆఖరిది పచ్చి అబద్ధం. గొర్రె అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు గొర్రెల మధ్య తిరిగినవాడి గురించి గంటన్నర మాట్లాడి, గొర్రె పేరెత్తకుండా ముగించడం తేలిక కాదు. వాళ్లు సాధించారు. శాలువా కప్పిన పెద్దమనిషి నన్ను పక్క మండలం డాక్టరు పేరుతో పిలిచాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. నేను మరచిపోలేదని ఆయనకు తెలిస్తే చాలు.

ఆ రోజు ఎవరూ చెప్పనిది నేనే రాస్తున్నాను. కొత్తగా పశువైద్యులై మా అనంతపురం మెట్టకు వచ్చే పిల్లలకు ఇది పనికొస్తుంది. జబ్బులూ మందులూ మీకు కాలేజీలో చెబుతారు. నియమం అందరికీ ఒకటేనా, ఎదుటి మనిషిని బట్టి మారాలా అన్నది చెప్పరు. నాకది మూడు చచ్చిన గొర్రెలు, మా బావ, ఒక నల్ల కంబళి కలిసి నేర్పాయి.

పెద్దసారు మాట

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక పైఅధికారి ఉండేవాడు. ఆయన ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు. "ముఖం చూడొద్దు. రూలు చూడు. రాజైనా కూలివాడైనా రూలు ఒకటే." నేను ఆ మాటను నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. నెల తిరగలేదు, ఆయనే మనిషిని పంపాడు. తన తోడల్లుడి గేదెలు సంతకు పోవాలి, వాటికి ఏ రోగమూ లేదని చూడకుండానే సంతకం పెట్టమన్నాడు. నేను చూస్తే గాని పెట్టనన్నాను. రెండు గేదెలకు గాళ్లు, అంటే గాలికుంటు ఉంది, నోట్లో పుండ్లు, కాళ్లు కుంటుతున్నాయి. సంతకం పెట్టలేదు.

మరుసటి వారం సమావేశంలో అందరికీ టీ వచ్చింది. నాకు రాలేదు. పొరపాటేమో అనుకున్నాను. ఆ పొరపాటు మూడేళ్లు జరిగింది.

అప్పట్లో నాకు లోకం రెండు ముక్కలుగా కనిపించేది. రూలు తప్పే పెద్దసార్లు ఒకవైపు, రూలు తప్పని నేను ఒకవైపు. ఈ గర్వం నాకు చాలాకాలం బాగా పనిచేసింది. మా బావ ఆవు చచ్చేదాకా.

ఒక ఆవు

మా అక్క సుశీలమ్మను గుమ్మఘట్ట వైపు ఒక ఊళ్లో ఇచ్చారు. బావ పేరు ఓబులేసు. ఇరవై ఎకరాల మెట్ట, పెద్ద మాట, అంతకన్నా పెద్ద నవ్వు. నాకు పశువైద్యంలో సీటు వచ్చిందని చెప్పిన రోజు పదిమందిలో ఆయనన్న మాట ఇది: "ఏమప్పా బామ్మర్దీ, మనుసుల్ని చూసేదానికి నీ చేతులు పనికిరావన్నారా?" అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

నా పెళ్లి భోజనాల్లో ఏదో మాటామాటా వచ్చి రెండేళ్లు మేమిద్దరం మాట్లాడుకోలేదు. అక్క ఏడ్చి, బతిమాలి, ఇద్దర్నీ కలిపింది. కలిసిన పదిరోజులకే వాళ్ల ఆవు తెల్లవారేసరికి చచ్చి పడి ఉంది. సాయంత్రం గడ్డి మేసిన ఆవు. నేను వెళ్లేసరికి పొట్ట ఉబ్బి, ముక్కులో నల్లటి నెత్తురు కనిపిస్తోంది. గడ్డకట్టని నెత్తురు.

దొమ్మరోగం అని మీరు పుస్తకంలో చదువుకుంటారు, ఆంత్రాక్స్ అంటే అదే. అలా చచ్చిన పశువును కోయకూడదు, తోలు తీయకూడదు. సున్నం వేసి లోతుగా పూడ్చాలి. కోస్తే లోపలి విషం గాలికి గట్టిపడి ఆ నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది, కోసిన మనిషికీ అంటుతుంది. అనుమానం వచ్చాక చెవి దగ్గర చుక్క నెత్తురు తీసి, గాజుపలక మీద పూసి, సూక్ష్మదర్శినిలో చూసుకోవాలి. పావుగంట పని.

అప్పటికే తోలు తీయడానికి యల్లప్ప వచ్చి కత్తి నూరుకుంటున్నాడు. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. రెండేళ్ల తర్వాత వేసిన చెయ్యి.

"ఏం సందేహపడతాండావు డాక్టరూ? కడుపుబ్బరం. రాత్రి పచ్చిజొన్న మేసినాది. అయిపోయినాది. ఇంగ మళ్లా గొడవ వద్దప్పా మన మధ్యలో."

వాకిట్లో అక్క నిలబడి నా ముఖమే చూస్తోంది. నేను "ఆఁ, ఉబ్బరమే అయ్యుంటుంది" అన్నాను. గాజుపలక సంచిలోనే ఉంది.

వారానికి యల్లప్ప మోచేతి కింద ఒక పుండు లేచింది. నొప్పి లేని పుండు, నడుమ నల్లటి చెక్కు. అదేమిటో చూడగానే తెలిసింది. బండి మీద ఎక్కించుకుని రాయదుర్గం తీసుకెళ్లి, డాక్టరు చెవిలో పశువు నుంచి అంటింది కావచ్చని చెప్పి, వారంరోజులు దగ్గరుండి సూదులు వేయించాను. నయమైంది. మచ్చ మిగిలింది. ఊళ్లో ముల్లు గుచ్చుకుని చీము పట్టిందన్నారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. పెద్దసారు తోడల్లుడి గేదెల కథ మాత్రం మానకుండా అందరికీ చెబుతూ వచ్చాను.

మూడు గొర్రెలు

నాలుగేళ్లు గడిచాయి. మా బావకు అరవై ఒక్క గొర్రెలుండేవి. వాటిని బీరప్ప అనే కాపరికి ఎప్పుడో పాలుకు ఇచ్చాడు. పాలుకు ఇవ్వడమంటే మంద ఒకరిది, మేపేది ఒకరు, పుట్టిన పిల్లలు చెరిసగం. బీరప్పకు యాభై దాటి ఉంటాయి. తక్కువ మాట్లాడే మనిషి. గొర్రెను జీవం అంటాడు తప్ప గొర్రె అనడు.

ఈ ఏర్పాటులో ఒక కట్టు ఉంది. మేతకు పోయిన చోట జీవం చస్తే, కాపరి దాని తోలు తెచ్చి యజమానికి చూపాలి. తోలుకు చెవి ఉండాలి. చెవికి మంద గుర్తుగా వేసిన గాటు ఉండాలి. మా బావ మంద గుర్తు కుడిచెవికి రెండు గాట్లు. చూపితే చచ్చినట్టు, చూపకపోతే అమ్ముకున్నట్టు. వారాల కొద్దీ మందతో కొండల్లో తిరిగే మనిషికీ, ఊళ్లో కూర్చున్న యజమానికీ మధ్య నమ్మకం నిలబడేది ఆ చెవి మీదే. ఇది నాకు తెలుసు. ఇక్కడ పనిచేసే ఎవరికైనా తెలుసు.

ఒక ఉదయం బీరప్ప కబురు పంపాడు. రాత్రికి రాత్రి మూడు తల్లిగొర్రెలు చచ్చాయట. వెళ్లి చూస్తే అదే నల్ల నెత్తురు. ఈసారి గాజుపలక తీశాను. ఆసుపత్రికి వచ్చి చూసుకున్నాను. అనుమానం లేదు. సున్నం బస్తాలు, గుంత తవ్వడానికి మనుషులు, మా కాంపౌండరు, అందరం కలిసి మళ్లీ వెళ్లేసరికి బీరప్ప అక్కడే కూర్చుని కాకుల్ని తోలుతున్నాడు. ఏదీ ముట్టుకోలేదు. ఎంత మంచి పని చేశాడో అప్పుడు నాకు తట్టలేదు.

"సారూ, ఓబులేసన్న బళ్లారికి పెళ్లికి పోయినాడు. మాపటికి వస్తాడు. అంతదాకా ఉంచండి. చూసినాక పూడ్చుదాం" అన్నాడు.

"కుదరదు. ఎండ ఎక్కుతోంది. కుక్కలు పడతాయి."

"నేను కాపలా ఉంటా గదా సారూ."

"రూలు ఒప్పుకోదు."

"పోనీ తోలు వద్దు. చెవులన్నా ఇయ్యండి. మూడు చెవులు. గుడ్డలో కట్టి పెట్టుకుంటా."

"వెర్రివాడా, నెత్తుట్లోనే విషం ఉంది. కోయకూడదు."

అని చెప్పి, చేతికి తొడుగులు వేసుకుని, నా కత్తి తీసి, మూడు గొర్రెల చెవుల కొసలు కోసి మూడు సీసాల్లో వేశాను. పరీక్షశాలకు పంపాల్సిన నమూనా చెవిముక్కే. గొర్రెలు మూడూ ఎడమవైపుకు పడి ఉన్నాయి. పైకి దొరికింది కుడిచెవి.

బీరప్ప సీసాల వంక చూశాడు. నా వంక చూశాడు.

"మీరు కోస్తే శాస్త్రం, నేను కోస్తే తప్పా సారూ?"

నేను ఇచ్చిన జవాబు ఇది: "నేను డాక్టర్ని."

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆయన ప్రశ్నకు మంచి జవాబే ఉంది. నా చేతికి తొడుగు ఉంది, నీ చేతికి లేదు. నా సీసాకు మూత ఉంది, నీ గుడ్డకు లేదు. ఈ ముక్క ఎక్కడికి పోతుందో నాకు తెలుసు, నీ గుడ్డ నీ మనవరాలి చేతికి దొరకవచ్చు. ఇవేవీ నేను చెప్పలేదు. కారణం అడిగిన మనిషికి నా హోదా చెప్పాను. నియమం అందరికీ ఒకటే అయితే దాని కారణం కూడా అందరికీ చెప్పదగ్గదై ఉంటుంది. ఆ శ్రమ పడనివాడికి ఎదుటివాడు "నీకో రూలు, నాకో రూలా" అంటే కోపం తెచ్చుకునే హక్కు లేదు. నేను తెచ్చుకున్నాను. "వెటకారమా?" అని కూడా అన్నాను.

సాయంత్రందాకా టార్పాలిన్ పట్టా కప్పి, సున్నం చల్లి, కాపలా పెట్టి ఉంచితే ఏ రూలూ విరిగేది కాదు. కుక్కల మాట నిజమే, కాని కుక్కల్ని తోలడానికి బీరప్ప ఉన్నాడు. నాకు మధ్యాహ్నం వేరే ఊళ్లో శిబిరం ఉంది, త్వరగా పోవాలి. అసలు సంగతి అంతే. దానికి రూలు అని పేరు పెట్టాను.

ఫొటోలో ఎవరున్నారు

సాయంత్రం బావ బళ్లారి నుంచి దిగాడు. బీరప్ప ఉత్త చేతులతో వెళ్లి నిలబడ్డాడు. రాత్రికల్లా ఊరంతా తెలిసింది, బీరప్ప మూడు తల్లిగొర్రెల్ని అమ్ముకున్నాడని. మరుసటిరోజు నేను అక్క ఇంటికి వెళ్లి, చచ్చినవి నేనే పూడ్పించానని చెప్పాను. బావ మంచం మీద కాలు మీద కాలు వేసుకుని విన్నాడు.

"మూడూ చచ్చింది నువ్వు చూసినావు. సరే. అవి నావేనని యాడ చూసినావు? నీకు గొర్రెకూ గొర్రెకూ తేడా తెలుసునా?"

"చెవులు నేనే కోశాను బావా. రెండు గాట్లు ఉన్నాయి."

"యాడుండాయి చెవులు?"

"పరీక్షశాలకు పంపాను."

"బలే. కాపరి చెవి చూపియ్యాల. చెవి డాక్టరు దగ్గర ఉండాది. డాక్టరు దగ్గర అడిగితే యాడికో పంపినాడు. బాగుండాదప్పా మీ ఇద్దరి వ్యాపారం."

కాంపౌండరు ఫొటో తీశాడని గుర్తొచ్చింది. ఎంతో ఉత్సాహంగా ఫోను తీసి చూపించాను. మా శాఖలో ఏ పనికైనా ఫొటో పంపాలి, అందులో అధికారి కనిపించాలి. కాంపౌండరు ఆ రూలును తు.చ. తప్పకుండా పాటించాడు. ఫొటో నిండా నేనే. తొడుగులు, టోపీ, చిన్న చిరునవ్వు. నా వెనక సున్నం పూసుకున్న ఏదో కుప్ప.

బావ ఫోను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"నీ ముఖం బాగా పడినాది బామ్మర్దీ. గొర్రె ముఖం యాడ?"

లోపల్నుంచి అక్క నవ్వు వినిపించింది. సొంత అక్క. అది కూడా నాకు గుర్తుంది.

"అయితే ఒక పని చెయ్యి. గుంత తవ్విచ్చు. నేను చూసుకుంటా" అన్నాడు.

"ఆ గుంతను ఎవరూ తవ్వకూడదు. ఎప్పటికీ."

"చూసినావా సుశీలా? చూపియ్యమంటే రూలంటాడు. వాడు కాపరి వైపు. మనం పరాయోళ్లం."

నేను లేవబోతుంటే అక్క వాకిలిదాకా వచ్చింది. "నీకెందుకురా? మూడు గొర్రెలే గదా. పోతే పోతాయి. మీ బావతో మళ్లా మాటలు పోగొట్టుకుంటావా? బీరప్ప ఎవురు మనకు?"

అక్కకు పోయేది మూడు గొర్రెలు. బీరప్పకు పోయేది అది కాదు. అమ్ముకున్నాడన్న మాట నిలబడితే రాష్ట్ర సరిహద్దుకు ఇటూ అటూ ఏ ఊళ్లోనూ ఒక్క మేకపిల్లను కూడా ఆయన చేతికి ఇవ్వరు. కొడుక్కీ ఇవ్వరు. ఆయనకు వేరే పని రాదు.

కంబళి

వారం తర్వాత కాపరుల పెద్దలు కూర్చున్నారు. ఊరి బయట బీరప్ప రొప్పం దగ్గర, అంటే ముళ్లకంప కట్టిన గొర్రెల దొడ్డి దగ్గర. వాళ్లలో పెద్దవాడు మల్లప్ప తాత. తెలుగు మొదలుపెట్టి కన్నడంలో ముగించే మనిషి. ఆయన తన నల్ల కంబళిని నేల మీద పరిచాడు. దాని మీద కూర్చుని చెప్పిన మాటకు అబద్ధం అంటకూడదని వాళ్ల కట్టు.

ముందు బీరప్ప కూర్చున్నాడు. "మూడూ చచ్చినాయి. అమ్మలేదు" అని లేచాడు. అంతే.

బావ ఊరుకోలేదు. "దొంగ ఎప్పుడన్నా దొంగతనం ఒప్పుకున్నాడా? ఆ డాక్టరు కూడా కూచోని చెప్పాల."

నేను గెజిటెడ్ అధికారిని. అలాంటివాణ్ని దొడ్డి ముందు నేల మీద కూర్చోబెట్టి ప్రమాణం చేయిస్తారా? నాలో ఉన్న లెక్కలన్నీ ఒక్కసారి లేచాయి. మల్లప్ప తాత నా ముఖం చదివినట్టున్నాడు.

"కూసో సామీ. కంబళికి నువ్వెవరో తెలీదు."

కూర్చున్నాను. ఉన్ని గుచ్చుకుంటోంది. మూడు గొర్రెలూ బావ మందవే, రెండు గాట్లు నా కళ్లతో చూశాను, దొమ్మరోగంతో చచ్చాయి, అందుకే కోయనివ్వలేదు అని చెప్పాను.

బావ దీనికోసమే ఎదురుచూస్తున్నాడని తర్వాత అర్థమైంది.

"అట్లనా? ఇట్ల చచ్చినదాన్ని ఎవురూ కోయగూడదు. అదేనా నీ రూలు?"

"అదే."

"అందరికీనా?"

"అందరికీ."

"మరి మా ఆవు చచ్చిన పొద్దు యల్లప్ప తోలు తీస్తాంటే పక్కన నిలబడి చూసినావే. దానికీ ముక్కులో నెత్తురే గదప్పా! బావకైతే ఉబ్బరం, బీరప్పకైతే దొమ్మ. నీ రూలుకు చుట్టాలుండారా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వేసి, ఆవుది నిజంగానే ఉబ్బరం అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆవు లేదు, తోలు లేదు, ఎవరూ తిరగదోడలేరు. ఎవరూ లేని చోటైతే అనేవాణ్నేమో. కంబళి మహిమ అని చెప్పను, నాకు అలాంటి నమ్మకాలు లేవు. నా ఎదురుగా బీరప్ప కూర్చుని ఉన్నాడు. ఉత్త చేతులతో, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి లేచిన మనిషి. ఆయన కూర్చున్న చోటనే కూర్చుని నేను ఇంకో రకంగా మాట్లాడితే ఎలా?

"ఆవుది కూడా దొమ్మరోగమే అయ్యుంటుంది" అన్నాను. "నాకు అనుమానం వచ్చింది. పరీక్ష చేయలేదు. మా బావతో మళ్లీ గొడవ అవుతుందని చేయలేదు. యల్లప్ప చేతి పుండు ముల్లుది కాదు. దానిదే. తప్పు నాది."

నవ్వు ఆగిపోయింది. దొడ్లో తల్లి లేని మూడు గొర్రెపిల్లలు అరుస్తున్న చప్పుడు మాత్రం వినబడింది. బావ నన్ను ఇరికించాలనుకున్నాడు గాని నేనింత లోతుకు దిగుతానని ఆయన అనుకోలేదు.

మల్లప్ప తాత మిగతా పెద్దల వైపు తిరిగాడు. "ఈయప్ప తన మీద తానే చెప్పుకున్నాడు. అట్లాటోడు బీరప్ప కోసరం అబద్ధం చెప్పేది యాతకు? జీవాలు చచ్చినాయి. ఆయ్తు."

అయిపోయింది. కాపరి మీద మచ్చ లేదని తేల్చారు.

ఇదంతా పై ఆఫీసుకు తెలిశాక నాకు వచ్చిన కాగితాల గురించి రాయను. మూడు నెలల తర్వాత పరీక్షశాల నుంచి కూడా సమాధానం వచ్చింది, దొమ్మరోగమేనని. అందులో చెవి గాట్ల గురించి ఒక్క ముక్కా లేదు. వాళ్లకు అది పనికిరాని వివరం.

యల్లప్ప

పంచాయతీ అయిన సాయంత్రమే యల్లప్ప ఇంటికి వెళ్లాను. పదిమందిలో చెప్పిన మాట ఆయనకు ముందుగా చెప్పాల్సింది. అది ఇంకో తప్పు. నేను గుమ్మం దగ్గర నిలబడి నీళ్లు నములుతుంటే ఆయనే అందుకున్నాడు.

"నాకు అప్పుడే తెలుసు సారూ."

"ఎలా తెలుసు?"

"ముల్లు గుచ్చుకున్నోణ్ని ఏ ఆఫీసరన్నా బండి మీద ఎక్కిచ్చుకొని వారంరోజులు రాయదుర్గం తిప్పుతాడా? అందులో మీరు! మీ బండి మీద మీ కాంపౌండర్నే ఎక్కనియ్యరు."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్తారేమోనని చూస్తాంటి. నాలుగేండ్లు పట్టినాది." చేతి మచ్చను బొటనవేలితో రుద్దుకుని అన్నాడు. "ఆ పొద్దు మీ అక్క ముఖం చూసి ఊరుకున్నారు. నాకూ పెండ్లాం ఉండాది సారూ. దాని ముఖం మీరు చూడలేదు."

ముప్పై ఒక్క సంవత్సరాల్లో నన్ను అవమానించినవాళ్ల మాటలన్నీ నాకు గుర్తున్నాయి. ఈ మాట అవమానం కాదు. అయినా వాటన్నిటికన్నా బాగా గుర్తుంది.

అందుకే, ఎదుటి మనిషిని బట్టి నియమం మారాలనే పెద్దమనుషులు మీకు కనిపిస్తే ఒక్కటి అడగండి. ఏ మనిషిని బట్టి? ఎదురుగా నిలబడి భుజం మీద చెయ్యి వేసినవాణ్ని బట్టా, పక్కన కత్తి నూరుకుంటున్నవాణ్ని బట్టా? నేను బంధుత్వం చూశాననుకున్నాను. సగం మందినే చూశాను. ఇక రూలు రూలే అనేవాళ్లు కనిపిస్తే, నా బీరప్ప సంగతి చెప్పండి. రూలు ఒకటే. అది ఒకరి మీద దుమ్ములా పడుతుంది, ఒకరి మీద బండలా పడుతుంది. బండ పడే చోట మనం ఒక పూట ఆగాలి, ఒక చెయ్యి వేయాలి. ఆ తర్వాత నేను ఏ పశువునూ యజమాని చూడకుండా పూడ్పించలేదు. దూరంగా నిలబెట్టి గుర్తు చూపించాను. కాంపౌండరుకు కూడా గట్టిగా చెప్పాను, ముందు చెవిని తీయి, తర్వాత నన్ను తీయి అని.

అరవై ఒకటి మైనస్ మూడు

కథ అక్కడితో అయిపోలేదు. మల్లప్ప తాత "ఆయ్తు" అనగానే బీరప్ప లేచి, మందను బావ ఇంటివైపు తోలాడు.

"ఇదేందప్పా? తప్పు లేదన్నారు గదా!" అన్నాడు బావ.

"లేదన్నారు. డాక్టరు చెప్తే నమ్మినావు. ఇరవై ఏండ్లు మేపినోడు చెప్తే నమ్మలే. నీ జీవాలు నువ్వు మేపుకో ఓబులేసన్నా."

యాభై ఎనిమిది గొర్రెలు మా అక్క వాకిట్లోకి వచ్చాయి. తర్వాతి నాలుగు రోజుల గురించి అక్క ఫోనులో చెప్పినదాన్నిబట్టి రాస్తున్నాను, కొంచెం ఆనందంతో రాస్తున్నానని ఒప్పుకుంటాను. మొదటిరోజు అవి అక్క కనకాంబరాలు మేశాయి. రెండోరోజు ఆరేసిన లుంగీ మేశాయి. మూడోరోజు బావ స్వయంగా మేతకు తోలుకెళ్లాడు. పావుగంటలో అవి పక్కవాడి వేరుశనగలో ఉన్నాయి, బావ ఇంకా గట్టు మీదే ఉన్నాడు. నాలుగోరోజు ఒక పొట్టేలు వెనకనుంచి పొడిచింది.

ఐదోరోజు బావ నా ఆసుపత్రికి వచ్చాడు. కూర్చోలేకపోతున్నాడు.

"నువ్వు చెప్పు బామ్మర్దీ, వాడు నీ మాట వింటాడు."

"నేను చెప్తే నమ్మావని కదా ఆయన కోపం? మళ్లీ నేనే చెప్తే ఎలా?"

"అయితే నేనే పోవల్లనా?"

"నువ్వే పోవాలి. నేను చూడ్డానికి వస్తాను."

వెళ్లాం. బీరప్ప ఒక్కటే అన్నాడు. తను కూర్చున్నాడు, డాక్టరు కూర్చున్నాడు, ఇక మిగిలింది ఒక్కరే అని. మల్లప్ప తాతకు కబురు పోయింది. ఆయన ఏమీ అడగకుండా కంబళి పరిచాడు.

"నేనా? మందగలోణ్నప్పా నేను!" అన్నాడు బావ.

"కూసో" అన్నాడు తాత.

బావ మూలుగుతూ ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. "బీరప్ప అమ్మలేదు. నేనే తప్పుమాట అన్నా." లేవబోయి, మళ్లీ ఆగాడు. నా వైపు చూడలేదు, నేల వైపు చూశాడు. "ఆవు చచ్చిన పొద్దు తోలు తీయమనింది నేను. డాక్టరు ముఖం చూస్తేనే అనుమానం ఉండాదని తెలిసినాది. అందుకే భుజం మీద చెయ్యి వేస్తి. అది ఆయప్ప ఒక్కడి తప్పు కాదు."

ఆ మాట ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లుగా ఆయన మీద నేను పోగుచేసుకున్న కోపానికి ఆ క్షణాన ఆనుకోను చోటు దొరకలేదు. చాలా ఇబ్బందిగా అనిపించింది.

బీరప్ప చెయ్యి అందించి ఆయన్ని పైకి లేపాడు. కంబళి దులిపి తాత భుజాన వేశాడు. తర్వాత అక్క వాకిలికి వచ్చి నాలుకతో ఒక శబ్దం చేశాడు. నాలుగు రోజులు ఎవరి మాటా వినని మంద తలలెత్తి ఆయన చుట్టూ చేరింది. బావకు ప్రాణం లేచొచ్చింది.

"తోలుకొని పో బీరప్పా, పో. తెల్లార్నించి నిలబళ్లేకుండా ఉండా."

"అప్పగించేటప్పుడు ఎంచల్ల గదా అన్నా."

"ఎంచేదేముండాది, నిన్ను నమ్మక యాడికి పోతా? పోనీ."

బీరప్ప గేటుకు అడ్డంగా కర్ర పెట్టి నిలబడ్డాడు. "నమ్మితే నమ్ము, నాకు సంతోషమే. ఎంచకుండా మాత్రం ఒక్క జీవం కదలదు."

మా బావ నడుము పట్టుకుని, గోడకు ఆనుకుని, ఒకటి, రెండు అని ఎంచడం మొదలుపెట్టాడు.